ఆరంకెల సంతకం

సూర్యప్రకాశ్ ఉప్మాలో పల్లీలన్నీ ముందు ఏరుకు తినేసి, మిగిలినది నిమ్మకాయ పచ్చడితో తినే మనిషి. ఆ పొద్దున పల్లీలు ఇంకా సగం కూడా కాలేదు, జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూశాడు. ఆదాయపన్ను వాళ్ల పేరుతో ఒక మెసేజి, అందులో ఆరంకెల నంబరు, ఎవరికీ చెప్పొద్దన్న హెచ్చరిక.

మొన్ననే బెల్లం దుకాణం దేవప్పకు ఇలాంటి నంబరే వచ్చింది. ఎవడో ఫోన్ చేసి అడిగితే పాపం చదివి చెప్పాడు. సాయంత్రానికి ఖాతా ఊడ్చుకుపోయింది.

"ఓ రూపేష్! ఎవడో దొంగ నా కొడుకు నా ఫోన్‌కు నంబర్ పంపిండు! ఏం నొక్కాల్నో ఏం నొక్కొద్దో జల్ది వచ్చి చెప్పు!"

కొడుకు రూపేష్ తల తుడుచుకుంటూ వచ్చేలోపే, వంటింట్లోంచి కోడలు స్నేహలత తన ఫోన్ పట్టుకుని వచ్చింది.

"దొంగలు కాదు మామయ్యా, నేనే. నా ఇన్‌కమ్ ట్యాక్స్ ఖాతా తెరుద్దామని నొక్కితే మీ ఫోన్‌కు వచ్చింది. జర ఆ ఆరంకెలు చెప్తరా?"

"నీకెందుకమ్మా గా పంచాయితీ? ఆడిటర్ సాబ్ చూసుకుంటడు గద."

"ఈసారి నాది నేను వేసుకుంట మామయ్యా."

సూర్యప్రకాశ్ చెంచా పళ్లెంలో పెట్టేశాడు. ఆ ఇంట్లో ఎవరి ఆధార్ అయినా, ఎవరి బ్యాంకు ఖాతా అయినా, ఆఖరికి గ్యాస్ బండకైనా ఒకటే నంబరు, ఆయన జేబులోది. అది ఏర్పాటు చేసింది ఆయనే. అందులో ఇబ్బంది ఉందని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు.

ఆయన ఇంట ఇంకో ఆచారం కూడా ఉంది. కోడలు గడప దాటి లోపలికి రాగానే పట్టుచీరతో పాటు ఆమె పేరిట ఒక ఫైలు కూడా తయారవుతుంది. రేపు ఏ స్థలమో, ఏ దుకాణపు మడిగో కొంటే ఆడవాళ్ల పేరిట చూపించుకోవడానికి ఏటేటా కాస్త ఆదాయం రాయిస్తూ పోవాలి. ఆయన భార్య అనసూయమ్మ ఫైలులో ఆదాయం కుట్టుపని మీద. ఆరేళ్ల కిందట వచ్చిన స్నేహలత ఫైలులో ట్యూషన్ల మీద. అనసూయమ్మ సూది పట్టగా ఆ వీధిలో ఎవరూ చూడలేదు. స్నేహలత దగ్గరికి పలక పట్టుకుని వచ్చిన పిల్ల ఒక్కతీ లేదు. గడువు దగ్గర పడ్డప్పుడు ఆడిటర్ నంబరు పంపుతాడు, సూర్యప్రకాశ్ చదివి చెబుతాడు, కోడలు సంతకం పెట్టినట్టే లెక్క. ఈ ఆరేళ్లూ స్నేహలతకు ఆ ఆరంకెలు కళ్లబడలేదు.

అంతా సజావుగా నడిచేదే, పోయిన చలికాలం వికారాబాద్‌లో స్నేహలత తల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకోకపోతే. తల్లిని చూసుకోవడానికి వెళ్లిన స్నేహలత నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. ఆమెతో డిగ్రీ చదివిన రెబెక్క అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరు. లెక్కల టీచరు కాన్పు సెలవు మీద వెళ్లిందనీ, వచ్చి క్లాసులు చెప్పమనీ అడిగింది. స్నేహలత చెప్పింది. జీతం ఆమె ఖాతాలోనే పడింది. ఇంట్లో అందరికీ తెలుసు. సూర్యప్రకాశ్ "ఏదో టైంపాస్‌లే" అనుకుని ఊరుకున్నాడు. బజారులో అడిగినవాళ్లకు మాత్రం "తల్లికి సేవ చేస్తుంది" అన్నాడు. అది సగం నిజమే కాబట్టి ఆయనకు నిద్ర చెడలేదు.

ఇప్పుడు ఆ బడివాళ్లు ఆమెను ఏకంగా ఉద్యోగంలోకి రమ్మంటున్నారు. సోమవారం వచ్చి చేరాలట. తమ ఊరు తాండూరులో పొద్దున రైలెక్కితే బడి గంట కొట్టేలోపు వికారాబాద్‌లో ఉండొచ్చు. సూర్యప్రకాశ్ ముందే వద్దనేశాడు.

"కొలువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం మామయ్యా," అంది స్నేహలత, ఆయన మనసులో మాట విన్నట్టే. "ఆడిటర్ ఆఫీసు నుంచి ఈ ఏటి కాగితం పంపిన్రు. చూసిన్రా? నేను ఎన్నడు చెప్పని ట్యూషన్లు రాసిన్రు. నేను చెప్పిన క్లాసులు లేవు."

"గది నేనే వద్దన్న. ఆడిటర్ ఆఫీసుల కూసునేటోళ్లంతా మన బజారోళ్లే. సూర్యప్రకాశ్ కోడలు కొలువుకు పోతుందంటే ఏమనుకుంటరు? దుకాణం మునిగిందనుకుంటరు. రేపటి నుంచి ఉద్దెర సరుకు ఇచ్చేటోడుండడు. నీకు తెల్వదమ్మా."

"నాకు తెల్వందే నా పేరు మీద ఆరేండ్లు నడిచింది మామయ్యా. ఇప్పుడన్న తెలుసుకుంట."

రూపేష్ తువ్వాలు భుజాన వేసుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. తండ్రి వైపు చూస్తే భార్య వైపు వీపవుతుంది, భార్య వైపు చూస్తే తండ్రి వైపు. అందుకని గోడ గడియారం వైపు చూశాడు. అనసూయమ్మ ఇంకో గరిటెడు ఉప్మా తెచ్చి భర్త పళ్లెంలో వేసి లోపలికి వెళ్లింది.

"ఇగ ఆ నంబరు పనిచెయ్యదు," అంది స్నేహలత ఫోన్ చూసుకుని. "టైమైపోయింది."

ఆమె కూడా లోపలికి వెళ్లిపోయింది. సూర్యప్రకాశ్‌కు ఆ పూట పల్లీలు రుచించలేదు.

దుకాణంలో కూడా ఆయన మనసు మనసులో లేదు. కందిపప్పు బస్తాలు దిగుతుంటే అలవాటుగా లెక్కపెట్టడానికి నిలబడ్డాడు. మొదటి బస్తాను ఆయన ఏనాడూ ఒకటి అనడు. తాతల నాటి నుంచి వాళ్ల తూకంలో మొదటిది "లాభం", ఆ తర్వాతే రెండు, మూడు. "లాభం" అని మొదలుపెట్టి, సగంలో ఎక్కడున్నాడో మరచిపోయి, మళ్లీ "లాభం" అన్నాడు. హమాలీలు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఇంతలో ఆడిటర్ ఫోన్ చేశాడు.

"సేఠ్, కోడలు ఫైలు తయారున్నది. నంబరు పంపిస్త, చదివి చెప్పుండ్రి. కానీ ఒక మాట. ఆమె పాన్ మీద స్కూలు జీతం కనబడుతున్నది. స్కూలోళ్లు వాళ్ల లెక్కల చూపించిన్రు. మనం వదిలేస్తే రేపు నోటీసొస్తదేమో."

"నేను చెప్పినట్టు వదిలెయ్యుండ్రి."

"మీరనంగ నేను కాదంటనా? కానీ నోటీసొస్తే జవాబు చెప్పుకునేది ఆమె. ఒక్కసారి ఆమెను అడిగి చూడుండ్రి."

ఫోన్ టింగుమంది. ఆరంకెలు వచ్చాయి. ఆరేళ్లుగా గడగడా చదివేసిన మనిషికి ఇవాళ మొదటి అంకె దగ్గరే నోరు పెగల్లేదు. "మల్ల చేస్త సాబ్" అని పెట్టేశాడు. గల్లా దగ్గర కూర్చున్నాడు, లేచాడు, నీళ్లు తాగాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి ఆయనకో ఉపాయం తోచింది. ఈ గొడవకంతటికీ మూలం ఆ బడి. తనే వెళ్లి "మా కోడలు రాదు" అని ఒక్క మాట చెప్పేసి వస్తే సరిపోతుంది. దుకాణం రూపేష్‌కు అప్పగించి, ఎక్కడికో చెప్పకుండా స్టేషనుకు నడిచాడు.

కిటికీ పక్కన సీటు దొరికినా ఆయనకు కుదురు లేదు. నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, దుమ్ము పట్టిన షెడ్లు, కంది చేలు వెనక్కి పోతున్నాయి. దారి పొడుగునా చెప్పాల్సిన మాట అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పుకున్నాడు.

వికారాబాద్‌లో బడి కనుక్కోవడం కష్టం కాలేదు. ప్రిన్సిపాల్ ఊళ్లో లేరు. మధ్యాహ్నం అన్నాల వేళ. రెబెక్క వరండాలోకి వచ్చి, ఎవరో తెలియగానే ముఖమంతా నవ్వు చేసుకుంది.

"నమస్తే అంకుల్! లోపలికి రాండ్రి. స్నేహ మంచిగున్నదా? సోమవారం వస్తుంది గద?"

ఇంత ఆప్యాయంగా అడిగితే మొహం మీద రాదని ఎలా అంటాడు? దారంతా కూడబెట్టుకున్న మాటలు ఎటో పోయాయి. నోటికి వచ్చింది అనేశాడు.

"ఆమెకు తీరదమ్మా. ఇంట్ల ట్యూషన్లు చెప్తది."

"ట్యూషన్లా?" రెబెక్క కళ్లు పెద్దవయ్యాయి. "మంచి మాట చెప్పిన్రు అంకుల్! మీరు చెప్పనిస్తున్నరా? నాకొక్క మాట చెప్పలే చూడు. ఎంతమంది పిల్లలొస్తరు?"

సూర్యప్రకాశ్ జన్మలో ఏనాడూ తూకంలో గింజ తక్కువ పెట్టని మనిషి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వస్తరు... నలుగురైదుగురు."

"ఎప్పటి సంది?"

"ఆరేండ్ల సంది."

రెబెక్క నవ్వు ఆగిపోయింది. ఆమె ఆయన్ని నిలదీయలేదు. చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి, ఆయనకు కుర్చీ జరిపి ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, పోయిన చలికాలం ఆమె క్లాసులకు పోయిన మొదటి దినం నేను తలుపు కాడ నిలబడ్డ. బయటికొచ్చినంక నన్ను పట్టుకొని ఏడ్చింది. భయంతోని కాదు. 'నలుగురి ముందర నిలబడి చదువు చెప్పుడు ఇదే మొదటిసారి రెబెక్కా' అన్నది."

సూర్యప్రకాశ్ నేల చూపులు చూశాడు. నాపరాళ్లు పరిచిన నేల. ఆ రాళ్లు తన ఊరివే అయి ఉంటాయని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది.

"ఇంకోటి అంకుల్. మా దగ్గర చేరేటోళ్లు బయట ట్యూషన్లు చెప్పేది లేదని రాసియ్యాలె. ఒక చేత్తోని చెప్తలేనని రాసి, ఇంకో చేత్తోని చెప్తున్నని రిటర్ను వేస్తే ఆమె ఏమైపోవాలె?"

ఆయన తనకేమీ పట్టనట్టు అడిగాడు. "గీ రిటర్నులు... మాకు ఆడిటర్ వేస్తడు. నువ్వెట్ల వేస్తవమ్మా?"

"నాది చిన్న జీతం, నేనే వేసుకుంట. రిటర్నంటే పన్ను కట్టుడే అనుకుంటరు అందరు. కాదు అంకుల్. ఏడాదిల నాకు ఏడికెల్లి ఎంతొచ్చిందో నా నోటితోని నేను చెప్పుడు. స్కూలు జీతమెంత, బ్యాంకు వడ్డీ ఎంత, అన్ని రాయాలె. అన్ని కలిపినంక పన్ను పడితే కట్టాలె, పడకుంటే లేదు. ముందే ఎక్కువ పట్టుకొని ఉంటే వాపసొస్తది. ఆఖరికి, నాకు తెలిసినంత మట్టుకు ఇదంతా నిజమని ఒప్పుకొని ఆ ఆరంకెలు కొట్టాలె. గవి కొడితేనే వేసినట్టు. లేకుంటే ఎంత రాసినా రాయనట్టే."

"అంటే ఆ ఆరంకెలు..."

"మాట ఇచ్చినట్టు అంకుల్."

ఆమె టీ తెప్పిస్తానంటున్నా ఆగకుండా ఆయన లేచాడు. "మా కోడలు రాదు" అన్న మాట చెప్పనే లేదని తాండూరు రైలెక్కాక గుర్తొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. తప్పు తనది కావచ్చునని లోపల ఒక మూల అనిపిస్తూనే ఉంది. అలాంటప్పుడు మగవాళ్లకు కోపం ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"నీకు ఈ ఇంట్ల ఏం తక్కువైందమ్మా? జర చెప్పు, నేను కూడ వింట!"

"తక్కువేం కాలేదు మామయ్యా," అంది స్నేహలత. గొంతు నిబ్బరంగానే ఉంది, చేతులే చీర కొంగును నలిపేస్తున్నాయి. "చెయ్యని పని ఎక్కువైంది."

"అంత మాట ఎందుకు? నీకు పన్నే పడదు గద! రూపాయి కట్టేది లేదు. ఏం రాస్తే ఏంది?"

"రూపాయి కట్టేది లేనప్పుడు నిజం రాస్తే ఏంది మామయ్యా?"

"జర ఇద్దరు ఆగుండ్రి..." రూపేష్ నసిగాడు.

"మీరు ఆగుండ్రి!" ఆమె మొదటిసారి భర్త మీద గొంతు పెంచింది. "ఆరేండ్ల సంది ఆగుడే గద మీ పని! కాగితం మీద నేను రోజు పిల్లలకు చదువు చెప్తున్న. అప్పుడు పోని పరువు, నిజంగ చెప్తే ఎట్ల పోతది? నాలుగు నెలలు నిలబడి చెప్పిన మామయ్యా. నా కష్టంతోని నేను తెచ్చుకున్న మొదటి పైసలు. గవ్వే లేవని నా పేరు మీదనే రాయిస్తరా?"

ఆమె కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అది చూడలేక సూర్యప్రకాశ్ ఇంకా గట్టిగా అరిచాడు.

"ఈ ఇంట్ల ఎన్నడన్న ఇట్ల అడిగినోళ్లున్నరా? మీ అత్తమ్మను చూడు! ముప్పై ఏండ్ల ఫైలు ఆమెది. నా దాంట్ల ఏం రాస్తున్నవని ఒక్కనాడన్న అడిగిందా?"

"సాకు!"

అందరూ తిరిగి చూశారు. అనసూయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పుట్టిల్లు సేడం. ఎప్పుడో తప్ప రాని కోపం వచ్చినప్పుడు పుట్టింటి కన్నడం నోట్లోకి వస్తుంది. సాకు అంటే ఆ భాషలో ఇక చాలు అని.

"అడగలే. ఎందుకంటే నాకు తెలుసు," అంది. "పెండ్లైన కొత్తల మా నాయిన కుట్టుమిషన్ పంపిండు. నాకు చేతనైన పని అదొక్కటే అని. బండి మీదికెల్లి దింపకముందే మీ నాయిన వాపసు పంపించిండు. షావుకారింటి కోడలు మిషన్ తొక్కుతదా అన్నడు. మీరేమనలే. బండి పక్కన నిలబడ్డరు, అంతే."

"అనసూయా..."

"మల్ల ఏడాది మీరే ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నరు. నాకు చదువొస్తదని మీరు మరిచిన్రు. నేను చదివిన. ఏం పని చేస్తదని ఉన్న కాడ కుట్టుపని అని రాసి ఉండె. ముందుగాల నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎన్నడు రాలే." ఆమె పమిట సర్దుకుంది. "బజారుల సగం మంది జాకిట్లు నేనే కుట్టిన్నట ముప్పై ఏండ్లు. నా జాకిట్లు మాత్రం బయట కుట్టిస్తున్నరు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన ఎలాగోలా తట్టుకునేవాడు. సూర్యప్రకాశ్ కుర్చీ కోసం వెనక చెయ్యి చాచి, తడుముకుని కూర్చున్నాడు. ఆ బండి ఆయన కళ్ల ముందు ఉంది. మిషన్‌కు చుట్టిన గోనె, తాళ్లు, అన్నీ గుర్తున్నాయి. దింపుకుందామని తన మనసులోనూ ఉండింది. తండ్రి ముందు నోరు రాలేదు. మరుసటి ఏడు ఆడిటర్ దగ్గర "ఏం పని రాయమంటరు సేఠ్?" అంటే మాత్రం నోరు వచ్చింది. ఆ పని పేరే ఎందుకు చెప్పాడో ఇన్నేళ్లలో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. ఆయన మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. అనసూయమ్మ అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని ఆయనకు తెలుసు.

తెల్లారి అటుకులు పెట్టింది అనసూయమ్మ. ఆయన పళ్లెం పక్కకు జరిపి, జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"స్నేహా, అమ్మా! నీ లెక్క తీసుకొని రా."

స్నేహలత వచ్చి ఎదురుగా కూర్చుంది. నిన్నటి ఏడుపు ఇంకా రెప్పల మీద ఉంది. ఆయన ఆరంకెలు చదివి చెప్పాడు, ఖాతా తెరుచుకుంది. ఆమె ఒక్కొక్కటే రాస్తూ చూపించింది. బడి జీతం. బ్యాంకు వడ్డీ. అన్నీ కలిపితే పన్ను సున్నా. ట్యూషన్ల మాట ఎక్కడా లేదు.

"ఇదేంది? గింత వడ్డీ కూడ రాయాల్నా?" అని అడిగాడు సూర్యప్రకాశ్.

"గింతైనా రాయాలె మామయ్యా. వచ్చింది గద."

"మరి పాత ఆరేండ్లయి?"

"వాటికేం చెయ్యాల్నో ఆడిటర్ సాబ్‌నే అడగాలె."

"అడుగుదాం. నేనూ వస్త, నువ్వూ రా." ఆయన రూపేష్ వైపు తిరిగాడు. "ఎవడన్న అడిగితే మా ఇంట్ల లెక్కల టీచరున్నదని చెప్పు. లెక్క సక్కగున్న ఇంటికి ఉద్దెర ఇయ్యనీకి ఎవడు భయపడడు. భయపడినోని సరుకు మనకొద్దు."

రూపేష్ ఈసారి గడియారం వైపు చూడలేదు. "సోమవారం నేనే స్టేషన్ల దింపుత నాయినా," అన్నాడు.

ఆఖరి మెట్టుకు వచ్చింది. "ఇదంతా నిజమని ఒప్పుకున్న. ఇగ నంబరొస్తది," అంది స్నేహలత. ఫోన్ టింగుమంది. సూర్యప్రకాశ్ అద్దాలు పెట్టుకున్నాడు, తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. అంకెలన్నీ అలుక్కుపోయి కనబడుతున్నాయి. తప్పు అద్దాలది కాదని ఆయనకు తెలియడానికి కొంత సేపు పట్టింది. ఈలోగా ఆ నంబరుకు కాలం చెల్లింది.

"పర్వాలేదు మామయ్యా. ఇంకోటి పంపిస్త."

మళ్లీ టింగుమంది. ఈసారి ఆయన లేచి నిలబడ్డాడు, బస్తాల ముందు నిలబడ్డట్టే. ఇల్లంతా వినబడేలా చదివాడు.

"లాభం!"

స్నేహలత ఒకటి నొక్కింది.

"నాలుగు... తొమ్మిది... సున్నా... నాలుగు... ఎనిమిది!"

ఆమె నొక్కి, తెర మీద వచ్చింది చదువుకుంది. "అయిపోయింది," అని చెప్పి, లేచి ఆయన కాళ్లకు మొక్కబోయింది. ఆయన చటుక్కున ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. మొక్కాల్సింది నువ్వు కాదు."

అనసూయమ్మ అటుకుల గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "మరి నాది?" అంది.

"మీకు ఆదాయమేం లేదు గద అత్తమ్మా," అంది స్నేహలత మెల్లగా. "ఏం లేనోళ్లు వెయ్యకున్నా నడుస్తది."

"అయినా సరే, వెయ్యి. ఏం లేదని వెయ్యి. ముప్పై ఏండ్లల ఒక్కసారన్న నా పేరు మీద నిజం పోనీ."

సూర్యప్రకాశ్ తలెత్తి భార్య ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. క్షమించమనడం ఆయనకు అలవాటు లేదు, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. అనసూయమ్మే గిన్నె బల్ల మీద పెట్టి, ఆయన పళ్లెం దగ్గరికి జరిపింది.

"ఈ ఏడాదికి ఏం లేదని రాయుండ్రి," అంది. "వచ్చే ఏడాదికి మాత్రం కుట్టుపని అనే ఉంచుండ్రి. అప్పటికి మిషన్ తెచ్చుకుంట."

సూర్యప్రకాశ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కండువాతో ముఖం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అనసూయమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత, అటుకులు చల్లారిపోతున్నాయి తినమంది.